పాత కారుకు కొత్త గుండె: ఏ ఇంజిన్ తగినది?

ఒంగోలు జాతి ఎద్దును కొనడానికి సంతకు వెళ్ళిన రైతు దాని మూపురాన్నీ, ఛాతీనీ చూసి మురిసిపోయి వెంటనే బేరం కుదుర్చుకోడు. ఇంటి వద్దనున్న బండి ఇరుసు ఎంత భారాన్ని ఓర్చుకోగలదో, కాడికి రెండవ వైపున కట్టబోయే ఎద్దు దీనితో సమంగా అడుగు వేయగలదో లేదో ముందుగా యోచిస్తాడు. బలమైన ఎద్దును బలహీనమైన బండికి కడితే విరిగేది ఇరుసేనని అతనికి తెలుసు. పాత కారుకు కొత్త ఇంజిన్‌ను ఎంచుకోవడంలో ఇమిడి ఉన్న శాస్త్రమంతా స్థూలంగా ఇదే.

సింగపూరులో నివసించే తెలుగు కుటుంబాల పిల్లలు అప్పర్ బుకిట్ తీమా రోడ్డులోని పాత ఫోర్డ్ కర్మాగారాన్ని చరిత్ర పాఠంలో భాగంగా చూసే ఉంటారు. 1942 ఫిబ్రవరి 15వ తేదీన బ్రిటిష్ సేనాని పెర్సివల్ జపాను సేనాని యమషితాకు లొంగిపోయిన చోటు అది. యుద్ధస్మారకంగా ప్రసిద్ధికెక్కిన ఆ భవనం నిజానికి 1941లో కార్ల బిగింపు కోసం నిర్మించినది. యుద్ధానంతరం అక్కడ కార్ల బిగింపు తిరిగి మొదలై 1980 వరకు సాగింది. కార్ల సంఖ్యను ఇంత కట్టుదిట్టంగా నియంత్రించే ఈ నగరానికి కూడా కార్లతో పాత అనుబంధమే ఉన్నది. అటువంటి చోట పాత కారును, అందునా అమెరికాలో 'మజిల్ కారు' అని పిలిచే కండలు తిరిగిన కారును, మళ్ళీ నడిపించదలచినవారు ఏయే విషయాలు తెలుసుకోవాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కండలు తిరిగిన కారు

మధ్యరకం పరిమాణం గల సాధారణమైన కారులో పెద్ద కారుకు ఉద్దేశించిన ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌ను అమర్చితే మజిల్ కారు అవుతుంది. 1964లో వెలువడిన పాంటియాక్ జి.టి.ఓ. ఈ తరహాకు ఆద్యమని పలువురు భావిస్తారు. అందులోని ఇంజిన్ ఘనపరిమాణం 389 ఘనపుటంగుళాలు, అనగా సుమారు 6.4 లీటర్లు. అదే సంవత్సరం ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ సంస్థ ముస్తాంగ్ కారును ఆవిష్కరించింది. ముస్తాంగ్ ఈ వర్గానికి చెందదని వాదించేవారు ఉన్నప్పటికీ, ఇంజిన్ ఎంపికలోని చిక్కులను వివరించడానికి దానికి మించిన ఉదాహరణ లేదు. ఒకే శరీరాన్ని ఆరు సిలిండర్లతోనూ, ఎనిమిది సిలిండర్లతోనూ అమ్మడమే ఇందుకు కారణం.

1966లో తయారైన ఆరు సిలిండర్ల ముస్తాంగ్ ఒకటి ఉన్నదనుకోవాలి. దాని ఇంజిన్ అరిగిపోయి పొగ చిమ్ముతున్నది. తిరిగి ఏ ఇంజిన్‌ను అమర్చాలి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ముందు రెండు లెక్కలు తెలియాలి.

ఘనపరిమాణం, అశ్వశక్తి

సిలిండరు వ్యాసాన్ని 'బోరు' అనీ, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరాన్ని 'స్ట్రోకు' అనీ అంటారు. ఫోర్డ్ వారి 289 ఘనపుటంగుళాల ఇంజిన్‌లో బోరు 10.16 సెంటీమీటర్లు, స్ట్రోకు 7.29 సెంటీమీటర్లు. వృత్త వైశాల్యం సుమారు 81.07 చదరపు సెంటీమీటర్లు. దీనిని స్ట్రోకుతో హెచ్చిస్తే 591 ఘన సెంటీమీటర్లు వస్తుంది. ఎనిమిది సిలిండర్లకు కలిపితే 4,728 సి.సి. అవుతుంది. తొమ్మిదవ తరగతి విద్యార్థి చేయగల ఈ లెక్కే సింగపూరులో రోడ్డు పన్నును నిర్ణయిస్తుంది. ఆ సంగతి తరువాత చూడవచ్చు.

రెండవది అశ్వశక్తి. ఇంజిన్ తిప్పే బలాన్ని టార్కు అంటారు. న్యూటన్ మీటర్లలోని టార్కును నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యతో హెచ్చించి 9,549తో భాగిస్తే శక్తి కిలోవాట్లలో తెలుస్తుంది. నిమిషానికి 2,400 చుట్ల వద్ద 300 న్యూటన్ మీటర్ల టార్కు ఇచ్చే ఇంజిన్, 4,800 చుట్ల వద్ద 150 న్యూటన్ మీటర్లు ఇచ్చే ఇంజిన్, రెండూ ఆయా వేగాల వద్ద ఒకే శక్తిని, అనగా సుమారు 75 కిలోవాట్లను లేదా 101 అశ్వశక్తిని ఇస్తాయి. కాని మొదటిది కూడళ్ళ వద్ద ఆగి కదిలేటప్పుడు నింపాదిగా లాగుతుంది. రెండవది గట్టిగా అరిస్తే తప్ప కదలదు. కావున అశ్వశక్తి అంకె ఒక్కటే చూసి ఇంజిన్‌ను ఎంచుకోవడం పొరపాటు.

పాత అమెరికన్ అంకెలలో మరొక మర్మం కూడా ఉన్నది. 1971 వరకు సంస్థలు సాధారణంగా ప్రకటించినది 'స్థూల' అశ్వశక్తి. ఇంజిన్‌ను కారు నుండి వేరుచేసి, గాలి వడపోత, చల్లబరచే ఫ్యాను, జనరేటరు వంటి భారాలు లేకుండా, పొగ స్వేచ్ఛగా వెళ్ళే గొట్టాలు తగిలించి కొలిచిన అంకె అది. 1972 నమూనాల నుండి, కారులో ఉన్నట్టుగానే అన్ని హంగులతో కొలిచే 'నికర' అశ్వశక్తి వాడుకలోకి వచ్చింది. 1971లో షెవర్లే కార్వెట్టులోని ఎల్.టి.-1 ఇంజిన్‌కు స్థూలంగా 330, నికరంగా 275 అశ్వశక్తి అని రెండంకెలూ ప్రకటించారు. ఇంజిన్ ఒక్కటే, కొలత మారింది. పాత ఇంజిన్ స్థూల అంకెను కొత్త ఇంజిన్ నికర అంకెతో పోల్చేవారు ఈ తేడాను గమనించాలి.

మూడు మార్గాలు

ఉదాహరణకు తీసుకున్న ముస్తాంగ్ యజమాని ముందు మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటిది, ఉన్న ఇంజిన్‌నే దించి, బోరు చేయించి, పెద్ద పిస్టన్లు, కొత్త రింగులు, బేరింగులు వేసి తిరిగి బిగించడం. ఆ 200 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్ స్థూల అశ్వశక్తి 120 మాత్రమే. అయినా కారులోని ప్రతి భాగమూ దాని కొరకే రూపొందినది. ఈ పనిలో ఒక జాగ్రత్త అవసరం. ఆనాటి పెట్రోలులో సీసం కలిపేవారు. మంటలో ఏర్పడే సీసపు సమ్మేళనాలు వాల్వుకూ, అది ఆనే పీటకూ నడుమ పలుచని పొరగా నిలిచి అరుగుదలను ఆపేవి. సింగపూరులో 1998 జులై 1 నుండి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం నిలిచిపోయింది. భారతదేశంలో 2000లోనూ, ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో 2021లోనూ ఆ పెట్రోలు అంతరించింది. కావున పాత ఇంజిన్‌ను దించినప్పుడే గట్టి ఉక్కుతో చేసిన వాల్వు పీటలను వేయించడం మంచిది. లేనియెడల ఎంతో వెచ్చించి బాగుచేయించిన హెడ్డు కాలక్రమంలో మళ్ళీ అరిగిపోవచ్చు.

రెండవది, అదే వంశానికి చెందిన ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌ను అమర్చడం. 289 గానీ, 1968లో దాని తరువాత వచ్చిన 302 గానీ ముస్తాంగ్‌లో సులువుగా కూర్చుంటాయి. 302 కుటుంబం 1995 వరకు ముస్తాంగ్‌లలో కొనసాగింది గనుక విడిభాగాలకు కొదవ లేదు. అయితే 'అదే వంశం' అన్న మాటను నమ్మి కళ్ళు మూసుకోరాదు. 1980 దశకపు 302 ఇంజిన్ క్రాంకు షాఫ్టుకు కావలసిన ప్రతిభారం పాతదానికంటె ఎక్కువ. పాత ఇంజిన్ ఫ్లైవీలును దానికి తగిలిస్తే ఇంజిన్ విపరీతంగా కంపిస్తుంది. ఆ కాలపు నూనె తొట్టి ఆకారం కూడా పాత ముస్తాంగ్ ముందు భాగంలో ఇమడదు. తొట్టినీ, నూనెను పీల్చే గొట్టాన్నీ పాత తరహావి వేయాలి. సిలిండర్లలో మంట అంటుకునే వరుస సైతం కొన్నింటిలో భిన్నంగా ఉంటుంది. పాత వరుస ప్రకారం ప్లగ్గు తీగలను కలిపితే ఇంజిన్ తుమ్ముతుందే గాని నడవదు.

మూడవది, పూర్తిగా ఆధునికమైన ఇంజిన్. 2011 ముస్తాంగ్‌లో వచ్చిన అయిదు లీటర్ల 'కయోటీ' ఇంజిన్ నికర అశ్వశక్తి 412. పాత పెద్ద ఇంజిన్లలో ఏ కొద్దింటికో తప్ప ఇంతటి నికర శక్తి లేదు. కాని దాని తలలపై నాలుగు క్యాం షాఫ్టులు ఉండటం వలన వెడల్పు ఎక్కువ. పాత ముస్తాంగ్‌లో ముందు స్ప్రింగులను మోసే ఉక్కు గూళ్ళను కోస్తే గాని అది పట్టదు. కోసిన తరువాత ముందు సస్పెన్షన్ అంతటినీ మార్చాలి. కంప్యూటరు, అధిక పీడనపు ఇంధన పంపు, కొత్త తీగల అల్లిక సరేసరి. ఇక్కడ జరిగేది ఇంజిన్ మార్పు కాదు, పాత రేకు తొడిగిన కొత్త కారు నిర్మాణం.

ఇంజిన్ ఒక్కటే మారదు

ఈ విషయాన్ని ఫోర్డ్ సంస్థ ఇంజనీర్లు తొలినాడే గుర్తించారు. ఆనాటి ముస్తాంగ్‌లలో ఆరు సిలిండర్ల కారుకు చక్రాన్ని నాలుగు బోల్టులు పట్టి ఉంచుతాయి. ఎనిమిది సిలిండర్ల కారుకు అయిదు బోల్టులు ఉంటాయి. బ్రేకు డ్రమ్ములు పెద్దవి, వెనుక ఇరుసు దృఢమైనది, ముందు స్ప్రింగులు గట్టివి. పాత కారు పక్కన మోకరిల్లి చక్రపు బోల్టులను లెక్కించిన బాలుడు కూడా, అది పుట్టుకతో ఏ ఇంజిన్ గలదో ఇంచుమించుగా చెప్పగలడు.

అందుచేత ఆరు సిలిండర్ల కారులో ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌ను పెట్టి, తక్కిన భాగాలను అలాగే వదిలివేయడం ప్రమాదకరం. కదిలే వస్తువు గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే బ్రేకులు వేడిగా మార్చవలసిన శక్తి రెండుంపావు రెట్లవుతుంది. చిన్న డ్రమ్ములు ఆ వేడికి పట్టు సడలిస్తాయి. పోత ఇనుముతో చేసిన ఇంజిన్ బరువు ముందు చక్రాలపై పడి, మలుపులో కారు చెప్పినట్టు వినదు. గేరుబాక్సూ, వెనుక ఇరుసు పళ్ళచక్రాలూ అదనపు టార్కును భరించలేక విరుగుతాయి. ఇంజిన్ ధర ఎంతో, దానికి తోడుగా మార్చవలసిన భాగాల ధర అంతకు తగ్గదని ముందే లెక్కవేసుకోవాలి.

కాంటెస్సా నేర్పిన పాఠం

దీనికి విపర్యయమైన ఉదాహరణను ఆంధ్రదేశంలో పెరిగినవారు కళ్ళారా చూశారు. హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1984లో విడుదల చేసిన కాంటెస్సా కారు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వీధులలో హోదాకు చిహ్నంగా తిరిగింది. పొడవైన ముక్కు, వెడల్పైన శరీరం గల ఆ కారును భారతీయ మజిల్ కారు అని ముద్దుగా పిలిచేవారు నేటికీ ఉన్నారు. ఇంగ్లండులో 1970 దశకంలో వాక్స్‌హాల్ సంస్థ తయారుచేసిన విక్టర్ ఎఫ్.ఇ. దానికి మాతృక. ఆ శరీరాన్ని ఇంగ్లండులో 1.8, 2.3 లీటర్ల ఇంజిన్లతోనూ, వెంటోరా అనే పేరుతో 3.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌తోనూ అమ్మారు.

భారతదేశానికి వచ్చేసరికి ఆ పెద్ద శరీరంలో అమర్చినది అంబాసిడరులోని 1,489 సి.సి. ఇంజిన్. దాని శక్తి సుమారు 50 అశ్వశక్తి. ఒక టన్నుకు పైబడిన కారును, నిండా ప్రయాణికులతో, లాగవలసిన భారం ఆ చిన్న ఇంజిన్‌పై పడింది. కారు అందం అందరికీ నచ్చింది, నడక ఎవరికీ నచ్చలేదు. చివరకు సంస్థయే తప్పు దిద్దుకుని జపానుకు చెందిన ఇసుజు సంస్థ సహకారంతో 1,817 సి.సి., 88 అశ్వశక్తి గల ఇంజిన్‌ను అమర్చింది. గమనించదగిన విషయం ఏమిటంటే, ఇంజిన్‌తోపాటు అయిదు గేర్ల పెట్టెను కూడా జతచేసింది. అటుపై కాంటెస్సా క్లాసిక్‌గా ఆ కారు తన రూపానికి తగిన నడక నేర్చి, 2002 వరకు ఉత్పత్తిలో నిలిచింది. 1992లో అంబాసిడరుకు కూడా 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్ వచ్చింది.

మార్చిన ఇంజిన్ ఘనపరిమాణం పెరిగింది కేవలం 328 సి.సి. అయినా ఫలితం ఎంతో మారింది. శరీరానికి సరిపడే ఇంజిన్, ఇంజిన్‌కు సరిపడే గేర్లు కలిసినప్పుడు పెద్ద అంకెల అవసరం లేదని కాంటెస్సా నిరూపించింది.

సింగపూరు ఎండ, సింగపూరు పన్ను

ఇంజిన్‌ను ఎంచుకునేటప్పుడు కారు ఏ దేశంలో తిరుగుతుందో కూడా చూడాలి. పెట్రోలు మండగా పుట్టిన వేడిలో స్థూలంగా మూడవ వంతు పొగగొట్టం గుండా, ఇంచుమించు మరొక మూడవ వంతు రేడియేటరు గుండా పోతుంది. పనికి వచ్చేది నాలుగవ వంతుకు అటూ ఇటూ మాత్రమే. ఇంజిన్ శక్తి పెరిగితే పారబోయవలసిన వేడి కూడా పెరుగుతుంది. ఏడాది పొడవునా మధ్యాహ్నపు ఉష్ణోగ్రత 31, 32 డిగ్రీలకు చేరే సింగపూరులో, వాహనాల వరుసలో నిలిచిపోయిన పాత కారుకు ఎదురుగాలి ఉండదు. వరుసలు ఎక్కువ గల రేడియేటరు, దాని వెనుక గాలిని కుదురుగా నడిపే తొడుగు, మంచి ఫ్యాను లేనిదే పెద్ద ఇంజిన్‌ను తలపెట్టరాదు. పైగా 15 డిగ్రీల గాలికంటె 32 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 5.5 శాతం తక్కువ. అంత మేరకు ఇంజిన్ పీల్చే ఆక్సిజన్, దానితోపాటు శక్తి కూడా తగ్గుతాయి.

అధికశక్తి ఇక్కడ ఎంతవరకు అక్కరకు వస్తుందన్నది మరో ప్రశ్న. ఎక్స్‌ప్రెస్ రహదారులపై గరిష్ఠ వేగపరిమితి గంటకు 90 కిలోమీటర్లు. చదునైన దారిలో ఆ వేగాన్ని నిలకడగా కొనసాగించడానికి, గాలి నిరోధాన్నీ టైర్ల రాపిడినీ లెక్కవేస్తే, ముస్తాంగ్ వంటి కారుకు సుమారు 20 అశ్వశక్తి చాలు. తక్కినదంతా వేగం పుంజుకునే కొద్ది క్షణాల సంబరానికే.

ఆ సంబరానికి చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. 2008 జులై నుండి అమలులో ఉన్న సూత్రం ప్రకారం, 3,000 సి.సి. దాటిన పెట్రోలు కారుకు ఆరు నెలల రోడ్డు పన్ను ఇలా లెక్కిస్తారు: 3,000 పైనున్న ప్రతి సి.సి.కి ఒక డాలరు చొప్పున 1,525 డాలర్లకు కలిపి, మొత్తాన్ని 0.782తో హెచ్చించాలి. సుమారు 3,270 సి.సి. గల ఆరు సిలిండర్ల ముస్తాంగ్‌కు సంవత్సరానికి 2,810 డాలర్ల వరకు వస్తుంది. 4,728 సి.సి. గల ఇంజిన్‌ను పెడితే 5,090 డాలర్ల వరకు అవుతుంది. కారు వయస్సు 14 సంవత్సరాలు మించితే దీనిపై 50 శాతం అదనం. అప్పుడు మొదటిది సుమారు 4,210 డాలర్లు, రెండవది సుమారు 7,630 డాలర్లు. కనీసం 35 ఏళ్ళు నిండి క్లాసిక్ వాహనాల పథకం కింద నమోదైన కార్లకు లెక్క వేరు. వాటిని సంవత్సరంలో 45 రోజులకు మించి నడపరాదు. ఆ కొద్ది రోజుల విహారానికి ఎంత ఇంజిన్ కావాలో యజమాని తనను తానే ప్రశ్నించుకోవాలి.

అన్నింటికన్న ముఖ్యమైనది అనుమతి. సింగపూరులో ఇంజిన్ మార్పు తలపెట్టినవారు పని ప్రారంభించకముందే భూరవాణా సంస్థ ఆమోదం పొందవలసి ఉంటుంది. ఇంజిన్ కొని, ఓడలో తెప్పించి, కారును కోసిన తరువాత అనుమతి కోసం వెళితే, మిగిలేది నడపడానికి వీలులేని కారే. అలాగే ఇక్కడ వాహనాలు రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి. అమెరికాలో తయారైన ముస్తాంగ్ స్టీరింగు ఎడమవైపున ఉంటుంది. దానిని కుడివైపునకు మార్చిన కారులో స్టీరింగు పెట్టె కుడి వరుస సిలిండర్ల పొగగొట్టాల పక్కకు చేరుతుంది గనుక, కొత్త ఇంజిన్‌కు అక్కడ చోటు ఉన్నదో లేదో కొలిచి చూడాలి. ఆస్ట్రేలియాలో తయారైన ఫోర్డ్ ఫాల్కన్ జి.టి., హోల్డెన్ మొనారో వంటి కార్లు కుడివైపు స్టీరింగుతోనే పుట్టాయి గనుక వాటికి ఈ చిక్కు లేదు.

కారు జన్మపత్రిక

పాత కారు విలువ దాని జన్మవృత్తాంతంలో కూడా ఉంటుంది. 1960 దశకపు ముస్తాంగ్ గుర్తింపు సంఖ్యలో అయిదవ అక్షరం ఇంజిన్‌ను తెలుపుతుంది. అక్కడ 'టి' ఉంటే 200 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్లు, 'సి' ఉంటే 289లో సాధారణ రకం, 'ఎ' ఉంటే నాలుగు నోళ్ళ కార్బురేటరు గలది, 'కె' ఉంటే అరుదైన 271 అశ్వశక్తి రకం అని 1965, 1966 నమూనాలలో అర్థం. 'కె' కారు నుండి అసలు ఇంజిన్‌ను తీసివేయడం తాతల నాటి వెండి పళ్ళాన్ని కరిగించి స్టీలు గిన్నెలు కొన్నట్టవుతుంది. 'టి' కారుకు అంతటి అరుదుతనం లేకపోయినా, తీసిన ఇంజిన్‌ను తుక్కు కింద అమ్మివేయక నూనె పూసి భద్రపరచడం వివేకం. దానిని మళ్ళీ అమర్చుకునే దారి తరువాతి తరానికైనా మిగులుతుంది.

ఇక నిర్ణయం. ఉదాహరణకు తీసుకున్న 1966 ముస్తాంగ్ సింగపూరులోని ఒక కుటుంబానికి చెందినదై, ఆదివారం ఉదయం పిల్లలను ఎక్కించుకుని తూర్పుతీరం దాకా వెళ్ళి రావడమే దాని పని అయితే, తగినది మొదటి మార్గమే. గట్టి వాల్వు పీటలు, మంచి రేడియేటరు, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయించిన ఆరు సిలిండర్ల ఇంజిన్ ఎండకూ, పన్నుకూ, చట్టానికీ తట్టుకుంటుంది. బ్రేకులు, ఇరుసు, గేరుబాక్సు, స్ప్రింగులు అన్నీ మార్చగల స్తోమత ఉండి, అనుమతి చేతికి వచ్చినవారికి మాత్రమే 302 తగినది. మూడవ మార్గం కారును కాక ఇంజిన్‌నే ప్రేమించేవారిది.

పెద్ద ఇంజిన్‌కు ఉండే ఆకర్షణను కాదనలేము. ఎనిమిది సిలిండర్ల గంభీరమైన ధ్వని విన్న యువకుడికి లెక్కలు చెవికెక్కవు. అటువంటి వేళ తండ్రి గానీ, బాబాయి గానీ అతనిని కసరుకోకుండా, కాగితమూ కలమూ ఇచ్చి, బ్రేకులతో మొదలుపెట్టి రోడ్డు పన్ను వరకు లెక్కకట్టమని చెప్పడం మేలు. లెక్క పూర్తయ్యేసరికి తగిన ఇంజిన్ ఏదో అతనికే తెలుస్తుంది. ఎద్దుకంటె ముందు ఇరుసును చూసే రైతు వివేకం అతనికి అలవడుతుంది.